సగం లోహానికి గాటు

కంచరపాలెంలో దాలయ్య ఇంటి వరండా. కూతురు శ్రీసత్య ఇండోర్ లాబ్ నుంచి ఫోన్ చేసింది. పక్క కుర్చీలో దాలయ్య అక్క మొగుడు నీలకంఠం. బావా బావమరుదులిద్దరూ ఒకే ఫౌండ్రీలో పనిచేసి రిటైరైనవాళ్ళు.

"ఒక్క అనుమానం సత్యా. ఫౌండ్రీలో సేరిన నాటి నుంచీ నన్నొదల్లేదు. లోపలేటుందో సూడాలంటే మంచి ముక్కని విరగ్గొట్టాల్సిందేనేటి? దేవుడు ఇంకో దారి పెట్టలేదా?"

"నీకు అనుమానాలే గాని పనేనాడొచ్చింది దాలయ్యా? ఊదొత్తులు ఎలిగించడం తప్ప."

"నాన్నా, మావయ్య కూడా ఉన్నాడా? స్పీకర్లో పెట్టావా?"

"పెట్టాడమ్మా. ఇంతకీ ఏటి విరగ్గొడతన్నావ్? ఉక్కా, ఇనుమా?"

"సెమీమెటల్ మావయ్యా. సగం లోహం అనుకో."

"సగం లోహమా! సగం ఉడికిన అన్నం లాగేటి? తిననూ లేం, పారబొయ్యనూ లేం. దానికి ఆరేళ్ళ సదువు!"

"అందులో ఎలక్ట్రాన్లు బరువే లేనట్టు పరిగెడతాయి మావయ్యా. వెలుగు కొట్టి వాటిని బయటికి రప్పిస్తాం. ఏ కోణంలో వస్తన్నాయి, ఎంత జోరుగా వస్తన్నాయి అని కొలిస్తే, లోపల అవి నడిచే దారి మ్యాపులా గీయొచ్చు."

"గీసి? ఆ దారమ్మట సిటీ బస్సెయ్యిస్తావా?"

"ఊరుకో బావా, పిల్ల గొంతు అదోలాగుంది. ఏటైందమ్మా?"

"నాలుగు స్ఫటికాలు తెచ్చాను నాన్నా, ఒక్కోటీ మినపబద్దంత. గాలి తగిలితే పైన పొర కట్టేస్తుంది. అందుకని గాలి లేని గదిలో పెట్టి అక్కడే విరగ్గొట్టాలి. నున్నగా విరిగితేనే కొలత. మూడు స్ఫటికాలు వంకరగా పగిలి ముక్కలైపోయాయి. ఒక్కటే మిగిలింది. రేపు సాయంత్రంతో మా వంతు అయిపోద్ది. మళ్ళీ ఏడాది దాకా మిషన్ ఇవ్వరు. ఈలోపు ఇంకెవరో కొలిచేస్తారు."

"ఎలగ విరగ్గొడతన్నారేటి?"

"పైన చిన్న పుల్ల అంటించి, దాన్ని పక్కనుంచి కొడతాం మావయ్యా."

"గాటు పెట్టకుండానా?"

"గాటేంటి?"

"సరిపోయింది! డాక్టరేట్లంట! గాటు పెట్టకుండా కొడితే దానిష్టం వచ్చినట్టు పగలదేటి? పోత పోసేముందు పరీక్ష ముక్క విరగ్గొట్టి లోపలి రంగు సూసేవోళ్ళం. రోజూ వంకరగానే పగిలేది. విరగాల్సిన సోట సుట్టూ రంపంతో సన్నగా గాటు పెట్టి కొడితే, జున్ను ముక్కలాగ తెగింది. ఆ ఉపాయానికే ఓనరు నన్ను మేస్త్రీని సేసాడు. అడుగు మీ నాన్నని."

"నిజమేనా నాన్నా?"

"మావయ్య సెప్పినట్టు సెయ్యమ్మా. గాటు సుట్టూ సమంగా ఉండాలి. లోతెక్కువొద్దు. కొట్టేది ఒక్క దెబ్బే, రెండోది కొట్టకు."

"వజ్రప్పొడి అంటించిన తీగ ఉందిక్కడ. దాంతో కోస్తాను."

మర్నాడు మధ్యాహ్నం, అదే వరండా.

"నాన్నా! విరిగింది! అద్దంలా విరిగింది! మ్యాపులో రెండు గీతలు ఎదురెదురుగా వచ్చి ఒక్క చుక్క దగ్గర దాటుకుంటన్నాయి. ఈ ఆరేళ్ళూ దానికోసమే!"

"సింహాద్రప్పన్నా! బావా, విన్నావా?"

"రెండు గీతలకా ఈ గోల? బలపం ఇస్తే మా మనవడు గీస్తాడు."

"ఎంతైనా తిట్టు మావయ్యా. పేపర్లో నీ పేరు వేస్తన్నాను. గాటు ఉపాయం చెప్పిన నీలకంఠం గారికి కృతజ్ఞతలు, అని."

"పేపరా? రేప్పొద్దున్న పకోడీలు కట్టీ పేపరే కదేటి."

"కాదు. ఈ పని చేసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా చదువుతారు. మనం పోయాక కూడా ఉంటుంది."

"బావా? ఫోను లాక్కుంటావేటి?"

"కొట్టెయ్. నా పేరు కొట్టెయ్."

"రాయనీ బావా. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకది?"

"నువ్వూరుకో. సత్యా, దాలయ్య, కంచరపాలెం, అని రాయి. ఆ గాటు పెట్టింది మీ నాన్న. ఎవడిదిరా ఈ ఉపాయం అని ఓనరడిగితే, ముందు నోరు తెరిసింది నాను."