అవ్వ మెడ మీది గీత

“అవ్వా, నీ మెడ మీద ఆ గీత ఏంది?”

ఇదా పాపా? కోసిన గుర్తు. నాలుక మింద పుండొస్తే మెడ కోసినారు. నవ్వు, నువ్వూ నవ్వు.

నాకు ఆకూవక్కా అలవాటుండె గదా. పొగాకు ఎడమ బుగ్గన పెట్టుకుంటే పొద్దు గూకేదాకా ఆడనే ఉండేది. మా అమ్మా నమిలేది, మా పెద్దమ్మా నమిలేది. ఆ దినాల్లో ఆకు కట్ట పావలాకొచ్చేది… యాడికో పోతాండా. ఆ పక్కనే నాలుక అంచున పుండైంది. వేడి సేసిందిలే అని కామంచాకు పప్పు సేసుకోని తిన్నా. మానలా. మీ నాయన పాకాలలో రైలెక్కించి తిరుపతి ఆస్పత్రికి పిల్సుకోని పోయినాడు.

డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపించింది. క్యాన్సరే, మొదట్లోనే ఉండాదనింది. సెనగ్గింజంత పుండుకు ఇంత రాద్ధాంతమా అంటి. “పైకి ఎంతుందని కాదమ్మా, లోపలికి ఎంత దిగిందనేదే లెక్క,” అనింది. సరే, మన బోరూ అంతే గదా, పైన సూస్తే జానెడు బొక్క. నాది బాగానే దిగిండాదంట. అట్ల దిగితే మెడలో బిళ్ళలని సిన్న గడ్డలుంటాయంట, వాటిల్లోకి పాకతాదంట, సేతికి తగలకపోయినా. అందుకని మెడా కోయాలనింది.

మెడ అనేసరికి నాకు తాళి గుర్తొచ్చింది. కాన్పులప్పుడు కూడా తియ్యలా. తీస్తే మొగునికి కీడని మా అత్త సెప్పిండె. నాలుక కోసుకోండి, మెడ జోలికి రావద్దండని మొండికేసినా. మీ నాయన ఏడిసినాడు. నేను వినలా.

మీ తాత సంగతి తెలుసు గదా, మాట్లాడే మనిషి కాదు. లేసొచ్చి నా తాళి తీసినాడు, తన మెడలో ఏసుకున్నాడు, సొక్కా గుండీలు పెట్టుకున్నాడు. “నా కీడు నేను సూసుకుంటా. నువ్వు పో,” అన్నాడు. నాకు సిగ్గూ ఏసింది, ఏడుపూ వచ్చింది. పోయినా.

నాలుకలో సుట్టూ మంచి కండతో కలిపి తీసినారు, అంచులు బాగుండాయన్నారు. మెడలో తీసిన బిళ్ళల్లో మాత్రం ఒకదాంట్లో సుక్కంత ఉండిందంట. స్కానింగులో కూడా కనపళ్ళే అది. నా మొండితనానికి మెడ కోయకుండా ఇడిసింటే లోపలే ఉండిపోయే సుక్క అదే, సూడు. తర్వాత కరెంటు పెట్టినారు, రేడియేషనంటారే అది, నోరంతా పొక్కి గంజి మిందే బతికినా. పొగాకు మానకపోతే మళ్ళా వస్తాదన్నారు, మానుకున్నా. వాసనొస్తే ఇప్పుటికీ నోరూరతాది, అబద్ధమెందుకు.

ఆపరేషనయి ఇంటికొచ్చినాక తాళి కట్టబోయినాడు. కుట్లు పచ్చిగా ఉండాయి, తగిలితే మండింది. మళ్ళా తన మెడలోనే ఏసుకున్నాడు. అవి మానేదాకా సేనికాడికీ అట్నే పోయినాడు. ఊర్లో నవ్వినారు. అయినా ఆయన తియ్యలా.

అదో, మేకల కాడ కేకలేస్తాండాడు సూడు. కీడూ లేదు, గీడూ లేదు.

నీకు నోట్లో పుండొచ్చి మానకపోతే దాసిపెట్టుకోవద్దు పాపా. నీ నోరు సల్లగుండ. నీకూ అట్లాటోడే దొరకాల…