వంతెన మీద పద్నాలుగు వ్యాగన్లు

అయోవాలో ఒక పల్లె. ఏటి ఒడ్డున, ఇప్పుడు సైకిళ్ల దారిగా మారిన పాత రైలు వంతెనకి ఎదురుగా కారు ఆపుకుని కూర్చున్నారు ముసలి ఆర్విల్, అతను పెంచుకున్న కూతురు మార్లిస్.

"...శనివారం ఈ వంతెన కథ రాసిన బోర్డు ఇక్కడ పెట్టేస్తారు నాన్నా. నువ్వు ఊఁ అంటే చాలు."

"ఏ సంవత్సరం కట్టారో రాశావుగా. చాలదూ?"

"సైకిళ్లేసుకుని వచ్చేవాళ్లకి సంవత్సరాలెందుకు? విను. 'పంతొమ్మిది వందల అరవై అయిదు వరదలో, రైల్వే మేస్త్రీ ఆర్విల్ థార్సన్ రాళ్లు నింపిన పద్నాలుగు వ్యాగన్లు వంతెన మీద నిలబెట్టించాడు. ఆ బరువుకే ఇది కొట్టుకుపోకుండా ఆగింది.'"

"నా పేరు తీసెయ్."

"ఎందుకూ?"

"ఏరు పొంగితే వంతెన మీద బరువు పెట్టడం అందరూ చేసేదే. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

"కాఫీ సంగతి వదిలెయ్. ఎగువ వంతెన పోయింది, దిగువది పోయింది. నీదొక్కటే నిలిచింది."

"నిలిచింది. నిలిచింది కాబట్టే..."

"కాబట్టే?"

"కొట్టుకొచ్చిన చెట్లూ, పశువుల కొట్టాల కప్పులూ అన్నీ దానికి అడ్డం పడ్డాయి. నీళ్లకి దారి లేకుండా పోయింది. ఇంజను పక్కనే ఉంది. వ్యాగన్లు లాగించేస్తే వంతెన పోయేది, నీళ్లూ పోయేవి. మావాళ్లలో ఒకడు అన్నాడు కూడా, వదిలేద్దాం మేస్త్రీ అని."

"నువ్వు వదల్లేదు. అదేగా నేను రాసింది."

"మరి ఆ నీళ్లెటు పోయాయని అడగవేం?"

"అడిగేదేముంది? లోతట్టు వీధి మీదికొచ్చాయి. అమ్మ పోయింది. నాలుగేళ్లదాన్ని, కప్పు మీంచి నన్ను పడవలోకి దింపింది నువ్వే. అదీ రాస్తానంటే వద్దన్నావు."

"వద్దన్నాను."

"తెచ్చి పెంచుకున్నావు కూడా. చెప్పుకోడానికి సిగ్గెందుకు నాన్నా?"

"అంతకుముందు ఎప్పుడూ రాలేదు, ఆ వీధిలోకి నీళ్లు."

"వరద కదా."

"మార్లిస్, రాయాలంటే ఇది రాయి. నీళ్లు మీ వీధికి మళ్లడం నేను గట్టు మీంచి చూశాను. మీ అమ్మ నిన్ను కప్పు మీదికి ఎక్కించడమూ చూశాను. అప్పటికీ ఇంజనుతో వ్యాగన్లు లాగించెయ్యమనలేదు."