పాట కట్టినవారి పేరు

అమెరికాలోని నాష్‌విల్ కాలేజీలో సంగీత వ్యాపారం చదువుతున్న డార్లా, గాయకుడైన తమ్ముడు వెస్లీని క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“రికార్డు కంపెనీతో ఒప్పందంలో ఆ పాట ఎవరు కట్టారని రాశావురా?”

“నా పేరే రాశానక్కా.”

“అది అమ్మ కట్టిన పాట. మనల్ని నిద్రపుచ్చడానికి పాడేది.”

“కంపెనీవాళ్లు తొందరపెట్టారు. అమ్మ పేరు చెబితే ఆమె సంతకం కూడా కావాలన్నారు.”

“అడిగితే పెట్టేది కదరా. నీ పాటలు ఎవరూ కాజేయకూడదనే నేనీ చదువులో చేరాను.”

వెస్లీ ముందున్న కప్పును పక్కకు జరిపాడు.

“అమ్మ విందా?” అని అడిగింది డార్లా.

“వింది. నిన్న రేడియోలో వచ్చింది. స్టవ్ ఆపేసి మరీ వింది.”

“ఏమంది?”

“చివరిదాకా విని, కళ్లు తుడుచుకుని, ‘నీ పాట చాలా బాగుందిరా’ అంది.”