బరిలో ఎల్లవ్వ

ఆ రోజు సాంచెలకు సెలవు. వారమంతా చెవులు దిమ్మెక్కించే, తాపీ నది ఒడ్డు నగరంలోని లింబాయత్ గల్లీ, పవర్‌లూములు ఆగేసరికి మధ్యాహ్నం నిద్ర నుంచి లేచిన మనిషిలా కొంచెం బిత్తరపోయి ఉంది. ఓంప్రకాష్ టీ బండి పక్కన బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. సాంచెలు బాగుచేసే మిస్త్రీ సోమలింగం, ఆయన భార్యకు అన్న లక్ష్మీరాజం, సోమలింగం అన్న కూతురు నీరజ.

పాలిటెక్నిక్‌లో చదివే నీరజ ఒక మాట చెప్పిపోదామని వచ్చింది. వచ్చే ఆదివారం వడోదరలో రోబోల కొట్లాట. జట్టుకు మిస్త్రీగా ఒక్కరినే రానిస్తారు. ఆ ఒక్కరు చిన్నాయన అవునా కాదా అన్నదే ఆ మాట. సోమలింగానికి అది తెలుసు. అందుకే వచ్చినప్పటినుంచి ఆ పిల్లను నోరు తెరవనివ్వలేదు.

"నేను గొప్పలు చెప్పెటోన్ని గాదు బావా, నీకెరుకే. మొన్నటి మొదటి రోబోకు నేను చేసింది జరంత పని. ఉధ్నా భంగార్ల, పాత ఇనుప సామాన్ల కుప్పల, రెండు వైపర్ మోటార్లు ఏరుకొచ్చిన. కార్ల అద్దాలు తుడుస్తయి సూడు, గవి. భంగారోడు తిప్పి సూసుకో అన్నడు. నేను తిప్పలే, చెవుకాడ పెట్టుకొని విన్న. మోటారును కండ్లతోని కొనొద్దు, చెవులతోని కొనాలె."

"రెండూ పనిచేసినయా?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఒకటి చేసింది. రెండోది నేను నచ్చజెప్పినంక చేసింది. ఇగ చక్రాలంటవా, సాంచె మీద బట్టను గుంజే రబ్బరు రోలరుంటది గదా, అరిగిపోయిందాన్ని ఉల్లిగడ్డ కోసినట్టు కోసిన. ఒంటికి పాత సాంచె రేకు. కొట్టనీకి రంపం లెక్క పండ్లున్న చక్రం. డ్రిల్లు మిషన్ బ్యాటరీ, ఆటబొమ్మ విమానం రిమోటు. మా సేఠ్ ఒక్కపూట నమిలే ఫర్సాన్ ఖర్చుల రోబో లేచి నిలవడ్డది. పేరు మీ చెల్లె పేరే పెట్టిన, ఎల్లవ్వ."

"దానికి తెలుసా?"

"రోబోకా?"

"నా చెల్లెకు."

"తెలిసింది. తెలిసి నాతోని మూడొద్దులు మాట్లాడలే. ఆ కోపమంత రోబోకు ఎక్కింది, నాకు గదే కావాలె."

నీరజ టీ ఊదుకుంటూ నవ్వింది. "చిన్నాయ్నా, నేను చెప్పేది జర..."

"ఆగు బిడ్డా, బరి దాక రానీ. వేసు ఏరియా దిక్కు ఒక కాలేజీల పెట్టిండ్రు. సుట్టూ గాజు గోడలు, లోపల కొట్లాట. మన మీదికి ముంబై పోరలది వచ్చింది. దాన్ని మెత్తటి పెట్టెల పండవెట్టి పెండ్లికొడుకు లెక్క మోసుకొచ్చిండ్రు. మనదాన్ని సిమెంటు సంచిల వేసుకపోయినం. ఎల్లవ్వ సంచిల నుంచి దిగి, చక్రం తిప్పింది. ఎంత జోరుగ తిప్పిందంటే ఆ కాలేజీ ఫ్యాన్లు సిగ్గుతోని ఉల్టా తిరిగినయి. ముంబైది ఉరికొచ్చి ఒక్కటిచ్చింది. ఫట్‌మని నిప్పులు లేసినయి. ఎల్లవ్వ ఆగిపోయింది."

"ఆగిందా?"

"ఆగింది."

"ఎందుకు?"

"చెప్పు చిన్నాయ్నా," అంది నీరజ. "ఎందుకాగింది?"

సోమలింగం గొంతు సవరించుకున్నాడు. "లోపల నేను ఒక పోగు కట్టిన. సాంచె మీద పోగు తెగితే సాంచె దానంతటదే ఆగాలె, లేకుంటే బట్ట నాశనమైతది. నా చెయ్యి పడ్డ మిషన్ ఏదైనా గంతే. పోగు తెగితే కరెంటు బందు."

లక్ష్మీరాజానికి టీ గొంతుకు అడ్డం పడింది. "కొట్లాటకు పోయేదానికి పోగు కట్టినవారా? ఒక్క దెబ్బకు ఆగనీకి?"

"నవ్వకు బావా. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

ఆయన గొంతు తగ్గింది. గల్లీ ఎంత నిమ్మళంగా ఉందంటే తగ్గిన గొంతు కూడా దూరం దాకా వినిపిస్తోంది.

"ఎల్లవ్వ సప్పుడు లేకుండ నిలవడ్డది. ఎల్లవ్వ సప్పుడు లేకుండ ఉంటే ఎంత భయమైతదో నన్నడుగు. ముంబైదానికి ఏం జెయ్యాల్నో సమజ్ కాలే. కొట్టబుద్ధి కాలే. మెల్లగ ఎల్లవ్వ సుట్టు తిరుగుడు మొదలువెట్టింది. తిరుగుతుంటే, తెగిన పోగు కొస దాని చక్రానికి సుట్టుకున్నది. గుంజింది. పోగు వచ్చింది. ఇంకింత గుంజింది. ఇంకింత వచ్చింది."

"ఎంత పొడుగు పోగు కట్టినవ్?"

"జానెడు."

"మరి?"

"వస్తనే ఉన్నది బావా, నేనేం జెయ్యాలె? అదిట్ల తిరుగుతుంది, పోగట్ల వస్తుంది, సూస్తుండంగనే ఇద్దరి నడుమ బట్ట. మన నైలాన్ చీర గాదు. తాపీ నది మీద పొద్దు పొడవకముందు ఒక రంగుంటది సూడు, నలుపు గాదు, నీలం గాదు, ఆ రంగు. చెయ్యి పెడితే చల్లగ ఉన్నది. ఆ బట్ట గాజు గోడల సందుల్నించి బయటికి పారింది. మెట్లు దిగింది, గేటు దాటింది. వాచ్‌మన్ లేచి సలాం కొట్టిండు. రోడ్డు మీద పరుసుకుంటే ఆటోలన్నీ దాని మీద సప్పుడు లేకుండ పోతున్నయి, హారన్ కొడితే గాలి పాట లెక్క వినవడ్తుంది. ఆడికెల్లి యాడికి పోయిందో ఎరికేనా?"

"యాడికి?" అన్నాడు లక్ష్మీరాజం. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఇగో, మన గల్లీకి. ఆ రోజు సెలవు గూడ గాదు, అన్ని కార్ఖానలల్ల సాంచెలు నడుస్తున్నయి. ఈ బట్టను సూసి ఒక్కో సాంచె ఆగింది. ఎవరూ ఆపలే, అవే ఆగినయి. రాత్రి షిఫ్టు చేసొచ్చి ఖోలీల పండుకున్నోళ్ళుంటరు గదా, ఒకడు లేస్తే గాని ఇంకొకనికి చాప దొరకది. ఆ బట్ట ఒక్కొక్కని మీద ఒక్కో దుప్పటి లెక్క పడ్డది. కప్పుకున్నోనికి షిఫ్టు యాదికి లేదు. చాపలు సరిపోనోళ్ళు గాలిల పండుకున్నరు, ఇంత ఎత్తుల. మా బిక్షపతి మామ గురక నేను కిందికెల్లి విన్న. ఇగ బట్ట ఆడ ఆగలే, ఉన్ ఏరియా దాటింది, డుమస్‌ల సముద్రం మీదికి పోయింది. అలలు దాని కింద దూరి మెల్లగ మెసులుతున్నయి, పసిపోరగాండ్ల లెక్క. ఒక విమానం దిగుదామని వచ్చి, కింద మబ్బున్నదనుకొని, మబ్బును లేపొద్దని అట్లనే పైన నిలవడ్డది."

ఓంప్రకాష్ స్టవ్ సన్నం చేసి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయనకు తెలుగు సగమే వచ్చు. ఆ సగం చాలినట్టుంది.

"బరిల ముంబైది తిరిగి తిరిగి బట్టల సుట్టుకపోయి, తొట్లె లోపలి బిడ్డ లెక్క పండుకున్నది. దాని పోరలు దాని పక్కన పండుకున్నరు. జడ్జీలు కుర్చీలల్లనే కండ్లు మూసిండ్రు. అందరికీ ఒక్కటే కల పడ్డది బావా. ఆ కలల ఎల్లవ్వకు కప్పు ఇచ్చిండ్రు, ఇంత పెద్దది. నేను పోయి అందుకున్న."

"కప్ కిధర్ హై, మిస్త్రీ?" అన్నాడు ఓంప్రకాష్.

"కలల ఇచ్చిండ్రు గదా భాయ్. ఆడనే ఉన్నది."

నీరజ గల్లీ చివర ఆరేసిన బట్టల వైపు చూస్తూ ఉండిపోయింది.

"మస్తున్నది చిన్నాయ్నా," అంది చివరికి.

"మరి వడోదరకు..." అన్నాడు సోమలింగం.

"జడ్జీలు పండుకోలే. పది దాక లెక్కవెట్టిండ్రు. ఎల్లవ్వ కదల్లే. ఓడిపోయినం. బస్, గంతే." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "అది పోనీ. మొదటిసారి అందరూ ఓడిపోతరు. కానీ వడోదరకని నువ్వు చేసిన కొత్త రోబో మూత పొద్దున విప్పి సూసిన."

సోమలింగం తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"మళ్ళా కట్టినవ్ పోగు."

"అరెరెరె," అన్నాడు లక్ష్మీరాజం.

"వద్దనే అనుకున్న బిడ్డా," అన్నాడు సోమలింగం. కోతలు కోసే గొంతు కాదది. "బిగించుకుంట పోయిన, ఆఖరుకు సూస్తే కట్టి ఉన్నది. లోపల ఏదో తెగినా తిరుగుతనే ఉండే మిషన్ చెయ్యాలంటే నాకు చెయ్యి రాదు."

"నాకెరుకే. అందుకే తీసేసిన. మిస్త్రీ పేరు మా క్లాసు సుమన్‌ది ఇచ్చిన. నువ్వు రావాలె, కానీ గ్యాలరీల కూసోవాలె. రోబోను ముట్టొద్దు. స్క్రూడ్రైవర్ గూడ తేవొద్దు."

"గ్యాలరీలనా?"

"గ్యాలరీలనే."

ఆయన ముఖం వాడింది. ఓంప్రకాష్ ఊరుకోలేక ఇంకో టీ పోసి చేతిలో పెట్టాడు. రెండు గుక్కలు తాగాక కళ్ళలోకి మెల్లగా వెలుగు తిరిగొచ్చింది.

"అయినా గ్యాలరీకెల్లి అయితే బరి మొత్తం కనవడ్తది," అన్నాడు. "కింద వంగి పని చేసెటోనికి ఏం కనవడ్తది, రేకు, నట్లు. పైకెల్లి సూసెటోనికి..."

"నీరజా," అన్నాడు లక్ష్మీరాజం, "నాకు గూడ ఒక టికెట్ తియ్యి."

సోమలింగం ఉలిక్కిపడ్డాడు. "నువ్వెందుకు బావా అంత దూరం? మోకాళ్ళ నొప్పులాయె. నేనొచ్చి పూస గుచ్చినట్టు చెప్త గదా!"

"అందుకే వస్తున్న," అన్నాడు లక్ష్మీరాజం.