టోపీలో నీళ్లు

“నవ్వకు బిడ్డా. ముక్కులల్లకు నీళ్లు పోయినయంటే నవ్వులాటనా?”

కొత్తకోట పక్క చేలల్లో గొర్లు మేపుతున్న చెన్నయ్య ఫోన్‌లో, భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రం నుంచి కూతురు స్నేహలత మాట్లాడుతోంది. వారానికి పదే నిమిషాలు. ఆ పదీ చెన్నయ్యకు ప్రాణం.

“ఫికర్ చెయ్యకు నాయినా. మొన్న స్టేషన్ బయట పని చేస్తాంటే, ఏసుకున్న సూటు టోపీల జర తడి తగిలింది, గంతే. ముందుగాల చెమట కావచ్చనుకున్న.”

“కారితే కిందికి పోతది గద?”

“ఈడ కింద అనేదే లేదు నాయినా. నీళ్లు కారవు, తగిలిన కాడ్నే అతుక్కుంటయి. మెడకాడ మొదలై చెవులకు, కండ్లకు, ముక్కుకు పాకినయి.”

“తుడుసుకోరాదు?”

“మూసిన టోపీలకు చెయ్యెట్ల పోతది?”

“అయ్యో నా తల్లీ! ఊపిరెట్ల తీసినవే?”

“నోటికాడికొచ్చినయన్నీ తాగిన.”

“తాగినవా? ఉమ్మక?”

“మనింట్ల నీళ్లు ఉమ్మిందెవరు? బోరు ఎండిన ఏడు చెంబెడు నీళ్లతోని తానాలు చేసినోళ్లం. లోపలికొచ్చి టోపీ తీస్తే చూపెట్టనీకి సుక్క లేదు. సూట్ల ఉండే తాగే నీళ్ల సంచి కారిందని భూమ్మీది సార్లకు చెప్పిన. సరే అన్నరు.”

“రుచి ఎట్లుండె?”

“గదేం అడుగుడు నాయినా?”

“కొత్త కుంటల నీళ్లు నేను నాలిక మీద ఏసుకోకుండ గొర్లను దించుతనా? చెప్పు.”

“చేదు. దవాఖాన వాసన.”

“తాగే సంచిలయి గూడ గంతేనా?”

“కాదు... అవి చప్పగుంటయి.”

“మరి రెండూ ఒక్క నీళ్లెట్లయితయి?”

“కావు నాయినా. కారింది సంచి కాదు.”

“ఇంకేం నీళ్లుంటయి గా బట్టలల్ల?”

“ఒంటికి సల్లగుండనీకి గొట్టాలల్ల తిరిగేటియి. మందు కలిపి ఉంటది. నాలుగు లీటర్లు. అవి కారుడు మొదలైతే... మనిషి మునగనీకి గిలాసెడు చాలు.”

“గా బట్టలు మల్ల తొడగకు. నా మీద ఒట్టు.”

“ఇయ్యాల నా వంతు కాదు.”

“మరెవరిది?”

“ఈడ నాతోని పనిచేసే దామోదరన్నది. అదే సూటు. బయటికి పోయి గంటైంది.”

“పిలువు! ఎన్కకు రమ్మను!”

“ఉండు, రేడియోల ఆయనే మాట్లాడుతాండు...”

“ఏమంటాండు బిడ్డా?”

“మెడకాడ తడి తగులుతాందట. చెమట కావచ్చంటాండు.”