మొహం కనబడాల

బాగేపల్లి దగ్గర చిత్రావతి ఒడ్డు, ఆదివారం పొద్దున. కాలేజీ పిల్లలు చేతులకు తొడుగులు వేసుకుని ఏటిని బాగు చేస్తున్నారు. పని పిసరంత, ఫోటోలు కొండంత. డిగ్రీ రెండో ఏడాది చదివే నయన, ఆమె క్లాసువాడు మంజునాథ మాత్రం వంతెన దిగువన ఒక నడివయసామెను పట్టుకున్నారు. ఆమె నీళ్ళలోకి ఒక మూట వేసి వెళ్ళిపోబోతుంటే నయన వెనకనుంచి చెయ్యి పట్టుకుంది. ఆమె ఏటికి వీపు పెట్టి నిలబడిపోయింది.

"తిరగమ్మా. ఎన్నిసార్లు చెప్పాల? ఇట్ల తిరుగు."

"పోనీ పాపా. బస్సుండాది నాకు."

"ఏసేది ఏట్లో ఏసేసి ఇప్పుడు బస్సంటే? మంజూ, తీస్తాండావా?"

"తీస్తాండా గానీ వీపే పడతాండాది నయనా. మొహం పడల్యా."

"ముందరికి పోయి తియ్యి."

"ముందరికి పోతే గట్టు అడ్డమొచ్చి మూట కనబడదే. మూటా మొహమూ ఒగే దాంట్లో ఉండాలన్నాడు గదా మన కాలేజీ సునీల్‌కుమార్ సార్. మొహం లేని వీడియో చిక్కబళ్ళాపురం పోటీలో లెక్కకే తీసుకోరంట."

"ఇన్నావా అమ్మా? ఊరికే ఇట్ల తిరిగి, తప్పయింది, ఇంక ఏట్లో చెత్త ఎయ్యను అను. అంతే. నిన్నెవరూ ఏమీ అనరు."

"తప్పయింది పాపా. ఇంక ఎయ్యను. అన్యాను గదా, చెయ్యి ఇడువు."

"వీపుతో అంటే ఎవరు నమ్ముతారు?"

"గుంజొద్దు. గుంజితే తిరిగిపోతాను."

"తిరగమనే గదా చెప్తాండేది. నాలుగుసార్లు పిలిచినా పలక్కుండా పోతివే, ఏం పొగరు నీకు?"

"పొగరు కాదు పాపా. అది చెత్త కాదు."

"మరేంది?"

"మా ఇంటాయప్ప గుడ్డలు. పోయినవారం పోయినాడు. పోయినోళ్ళవి ఏట్లో ఏసినాక ఎనక్కి తిరిగి చూడకూడదు. మీ ఇండ్లల్లో చెప్పలేదా మీకు?"

"చూస్తే ఏమైతాది?"

"వచ్చేస్తారు. ఎంబడే ఇంటికొచ్చేస్తారు."

"చూడు మంజూ, ఈయమ్మదీ అదే పాట. నిన్న ఇదే తావ ఒగాయన, మా తాత పడకమ్మా అన్నాడు. ఇప్పి చూస్తే గోనె నిండా కోడి బొచ్చు."

"నేను కోళ్ళంగడి ఆమె మాదిరి ఉండానా?"

"ఎట్ల తెలుస్తాది? మొహమే చూపించల్యా గదా నువ్వు."

"నవ్వించొద్దు నయనా, ఫోను కదిలిపోతాండాది. ఏ ఊరమ్మా నీది?"

"మండికల్ తావ నాయనా."

"మండికల్ నుంచా? అంత దూరం మూటెత్తుకొని బస్సులో వస్తివా? మీ ఊర్లో చెరువు లేదా?"

"ఉండాది. చెరువులో ఏస్తే ఊర్లోనే ఉంటాది గదా. పారే నీళ్ళు గావాల నాకు."

"మగోళ్ళు లేరా ఇంట్లో? ఇది ఆడోళ్ళు చేసే పని కాదే."

"మరిది ఉండాడు. వాని చేతికిస్తే చొక్కాలు తానేసుకొంటాడు, దుప్పటి కొట్టంలో పరుస్తాడు. నా చేత్తో నేనే ఏసి పోవాలనుకొంటిని."

"అబ్బా, ఎంత ప్రేమ చూడు నయనా. ఏమమ్మా, బాగా చూసుకొంటాండెనా మీ ఆయప్ప?"

"బస్సు పోతాది నాయనా. ఇంట్లో బిడ్డ ఒగతే ఉండాది."

"పురసభె ఆఫీసోళ్ళకు ఫోను చేసినామంటే నీ బస్సూ పోతాది, జరిమానా పడతాది."

"పడనీ. పోలీసులను పిలిపించు. జైలుకు పొమ్మన్నా పోతా, ఇట్ల ముందరికే నడిచి పోతా. తిప్పొద్దు."

"ఏమి మొండిదే ఈమె. మంజూ, ఆ మూట బయటికి లాగు. ఇప్పి చూస్తాము, నిజమో అబద్ధమో."

"వద్దు నాయనా. ముట్టొద్దు దాన్ని."

"ఎందుకమ్మా అంత భయం? బొచ్చుండాదా?"

"ముట్టొద్దంటిని. నీళ్ళల్లోనే ఉండనీ. నీ మంచికే చెప్తాండా."

"నా ప్యాంటంతా తడిసిపోయ. అబ్బ, ఎన్ని ముడులే దీనికి. ముడి మీద ముడి. ఎవరు కట్టినారమ్మా?"

"నేనే."

"ఇంత గట్టిగానా? లోపలున్నోడు లేచి వస్తాడనా? ఆ, ఇప్పితి. లుంగీలు. చొక్కాలు. దుప్పటి. నయనా, నిజమే చెప్పినాది. మగాయన గుడ్డలే ఇవి."

"చెప్తిని గదా. మూట కట్టేసి మళ్ళా నీళ్ళల్లో ఎయ్యి నాయనా. పోతాను."

"ఉండమ్మా. చెప్పులుండాయి. బెల్టు. బాగుండాదే ఇది, బిళ్ళ ఇత్తడిది. ఎవరన్నా ఏసుకొంటారు గదా, ఏట్లో ఎందుకు పారేస్తావు?"

"దాన్ని కిందెయ్యి."

"తోమితే బంగారం మాదిరి అయితాది."

"కిందెయ్యి నాయనా. ఆ బిళ్ళ చప్పుడు చెయ్యొద్దు."

"చెవి మూసుకొంటాండాది మంజూ. ఏడుస్తాండావా అమ్మా?"

"లేదు."

"ఇడిసేద్దామా నయనా? పాపం."

"ఇడిసేస్తే? పోటీకి ఈ పొద్దే కడా దినం. ఆశా వాళ్ళ జట్టుకు ఇద్దరు చిక్కినారు, మొహాలతో సహా. మనకు మొహముండేది ఒగటీ లేదు. రేపు వాళ్ళు స్టేజీ ఎక్కుతారు, మనం కింద కుర్చీలు ఏసుకొంటా ఉంటాము. నీకదే కావాల్నా?"

"కాదు గానీ..."

"గమ్మున తియ్యి. అమ్మా, నా మాట ఇను. నాకిప్పుడు అర్థమైంది. ఆయన్ని ఇడిసిపెట్టేదానికి మనసు రాల్యా నీకు. చూస్తే తట్టుకోలేనని తిరగల్యా. అంతే గదా? మా అవ్వ కూడా అంతే. తాత పోయినాక ఆయన కుర్చీని ఎవర్నీ తాకనియ్యల్యా. నీ బాధ నాకు తెలుసు."

"నీకు తెలీదు పాపా."

"తెలుసమ్మా. వస్తాడనే అనుకో. మంచిదే గదా? ఇంట్లో నీకు తోడుంటాడు."

"నాకు తోడొద్దు. నా బిడ్డ ఉండాది, అంబిక. నీ ఈడుదే. చెయ్యి ఇడువు తల్లీ, దాని దగ్గరికి పోవాల నేను."

"అయితే అంబికా సంతోషపడతాది, వాళ్ళ నాయన ఇంటికొస్తే."

"అట్లనొద్దు. ఆ మాట నీ నోట రానీవద్దు."

"మంజూ, తయారేనా?"

"తయారు. నమస్కార స్నేహితరే... ఆ, మూట పడతాండాది. తిప్పు."

"వద్దు పాపా. నీ కాళ్ళు మొక్కుతా. ఏం చెప్పమంటే అది చెప్తా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెప్తా. వీపుతోనే... వద్దు..."

"తిప్పితి. పడినాదా?"

"పడినాది గానీ కండ్లు మూసుకొన్నాది నయనా. గట్టిగా మూసుకొన్నాది. ఇది పనికిరాదు."

"తెరువమ్మా. తిరగనే తిరిగితివి, ఇంకేముంది?"

"చూడల్యా నేను. తిరిగినా గానీ చూడల్యా. చూడందే రాడు. నన్నిట్లనే మళ్ళా అటు తిప్పేయ్ పాపా, నీకు పుణ్యముంటాది."

"తెరువు."

"చూడను. చచ్చినా చూడను."

"అమ్మా... అమ్మా, కాలు జారతాండాది... నీళ్ళల్లో పడతాండా, పట్టుకో అమ్మా..."

"పాపా, యాడుండావు, ఇదిగో, చెయ్యి పట్టుకో, నా చెయ్యి..."

"వీడియోలో పడినాది. ఇంక చాలు నయనా, లే. మొహమూ మూటా రెండూ వచ్చినాయి. కండ్లు ఇంతింత తెరిచి నేరుగా మూటనే చూస్తాండాది. ఏం నాటకమాడితివే."

"ఈడ మోకాలు లోతు కూడా లేదమ్మా, పడతానని ఎట్ల నమ్మితివి? చూసినావా, ఏమైంది? ఏమీ కాల్యా. ఎవరూ లేచి రాల్యా. ఊరికే ఇంతసేపు మమ్మల్ని సతాయిస్తివి. గుడ్డలు ఆ సంచిలో ఏసిస్తాడు మంజు, ఇంటికెత్తుకొని పో. ఏట్లో మాత్రం ఎయ్యొద్దు. ఏమమ్మా, పో. బస్సన్నావు, బిడ్డన్నావు. ఇప్పుడు పొమ్మంటే నిలబడుకొంటివే?"

"ఎన్నో ఏండ్లు నా బిడ్డ గది వాకిలికి అడ్డం పండుకొంటిని పాపా, వాడు తాగొచ్చి లోపలికి పోకుండా. వాడు పోయినాకనే అది గడియ ఏసుకోకుండా నిద్రపోయింది. ఇప్పుడు వాణ్ణి ఎంబడి పెట్టుకొని ఏ మొహంతో పోదును ఆ ఇంటికి?"