ముందుగా వేసిన ముప్పయ్యో కుట్టు

సభకు పెద్దగా కూర్చున్న డాక్టరు గారికి, మేట్రన్ మేరీకుమారి గారికి, డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చిన నర్సమ్మలకు, సైటు నుంచి సిమెంటు చేతులతోనే వచ్చేసిన అన్నదమ్ములకు, ఈ ఎడారి దేశంలోని సమాయిల్ ఊరి ఆస్పత్రి ఆయా సౌభాగ్యమ్మ నమస్కారాలు. నేను చదివింది మూడో తరగతి. కాగితం చూస్తే అక్షరాలు చిందులేస్తున్నాయి. భయమేం కాదు, నిన్నటి ఆట ఇంకా ఒంట్లోంచి దిగలేదు! (నవ్వులు)

పని విరమించి రేపు హైదరాబాదు వెళ్ళిపోతున్న మన స్టోర్‌కీపర్ నిసార్ అహ్మద్ గారు మందుల గదిని ఎంత భద్రంగా చూశారో, మన హాకీ జట్టునీ అంత భద్రంగా చూశారు. గోల్ దగ్గర నిలబడేవాడు నా కొడుకు ప్రసాద్ బాబు. వాడి కాళ్ళ ప్యాడ్లు నేనే కుట్టాను, ఆస్పత్రి పాత పరుపుల దూది కూరి. గెలిచిన ఆటకల్లా ఒక ఎర్రదారం కుట్టు వేసేదాన్ని. ఒకరోజు వాడు డాక్టరు గారి పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమెరికాలో ఒక కాలేజీ కుర్రాళ్ళు మంచుగడ్డ మీద హాకీ ఆడి, ఏడాదంతా ఇరవై తొమ్మిదికి ఇరవై తొమ్మిదీ గెలిచారంట! మనం ఇసకలో ముప్పై గెలుద్దాం."

"జారిపడరట్రా?"

"జారుతూనే గెలిచారే!"

మనవాళ్ళూ వరసగా ఇరవై తొమ్మిది గెలిచారు. ముప్పయ్యో ఆట సహం అనే ఊళ్ళో. గెలవకుండా ఎక్కడికి పోతారులే అని, ఆ ఉదయం ముప్పయ్యో కుట్టు ముందే వేసి పంపాను. దారిలో ఎండిన వాదీకి, అదే ఇక్కడి వాగుకి, ఉన్నట్టుండి వరదొచ్చి బండిని ఈడ్చుకుపోయింది. మిగతావాళ్ళు ఒడ్డెక్కారు. నా బాబు ఎక్కలేదు. ప్యాడ్లు మాత్రం బండిలో దొరికాయి.

ముప్పై గెలిచామనే చెప్పుకుందామని అందరూ అన్నారు. నిసార్ భాయ్ ఒక్కరే, "ఆడకుండనే గెలిచినమని ఎట్ల అంటమమ్మా? బాబు ఉంటే వాడే ఒప్పుకోడు" అన్నారు. ఆయనది రాతిగుండె అనుకున్నాను. పద్నాలుగు నెలలు ఎదురుపడినా పలకరించలేదు. ఆ కుట్టు విప్పుదామంటే చెయ్యి రాదు, ఉంచుదామంటే అబద్ధం.

మొన్న ఆయనే మా గుమ్మంలోకొచ్చారు. "అది విప్పకమ్మా. పొయ్యేలోపల ఆ ఆట ఆడిచ్చి పోత. ప్యాడ్లు ఇయ్యి."

నిన్న సహం వాళ్ళే ఇక్కడికొచ్చారు. ప్యాడ్లు కట్టుకున్నది మన కొత్త వార్డు కడుతున్న మేస్త్రి పోచన్న. "అమ్మా, నా కాళ్ళిరిగినా సరే, గీ ప్యాడ్లకు మాట రానియ్య" అన్నాడు. తల దించుకుంటావేం పోచన్నా, లేచి నిలబడు, చూడనీ! (చప్పట్లు)

మనం ఒక గోల్ ముందున్నాం. ఆఖరి నిమిషంలో వాళ్ళ బంతి గుండులా దూసుకొచ్చింది. పోచన్న ఎలా ఆపాడో నన్నడక్కండి, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి, రోజూ నన్ను కేకలేసే మేట్రన్ గారు నన్నే పట్టుకుని గెంతుతున్నారు! (నవ్వులు)

ఇప్పుడా కుట్టు అబద్ధం కాదు. ప్యాడ్లు పోచన్న దగ్గరే ఉంటాయి. ముప్పై ఒకటోది మాత్రం ఆట అయ్యాకే వేస్తాను.

నిసార్ భాయ్, ఆ రోజు మీరు కూడా సరేననేస్తే, నా కొడుకు ఆట ఆ వాదీలోనే ఆగిపోయేది. పద్నాలుగు నెలల సలాములు ఒక్కసారే అందుకోండి. నా మాట విన్న మీ అందరికీ దండాలు. సెలవు.